గవర్నమెంటు టీచర్లు సమ్మె చేయొచ్చా? చట్టం ఏమంటుంది?

పాకాల_నాన్న
మా పాప జెడ్పీ హైస్కూల్లో పదో తరగతి. వారం నుంచి వాళ్ళ సార్లు, మేడమ్‌లు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పాఠాలు చెబుతున్నారు. డీఏ బకాయిలంట, పీఎఫ్ పార్ట్ ఫైనల్ (దాచుకున్న పీఎఫ్‌లో కొంత వెనక్కి తీసుకోవడం) పెట్టుకుంటే నెలల తరబడి రావడం లేదంట. నిన్న పేరెంట్స్ కమిటీ మీటింగులో ఒక సారు "ఇది తేలకపోతే సమ్మెలోకి పోక తప్పదు" అన్నాడు. పక్కన కూర్చున్న వార్డు మెంబరు లేచి "మీకసలు సమ్మె చేసే హక్కే లేదు, సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది, చేస్తే ఉద్యోగాలు ఊడతాయి" అని గొడవకు దిగాడు. సారు ఊరుకుంటాడా, "సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది" అన్నాడు. మీటింగు అక్కడే చెడింది. నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ పబ్లిక్ పరీక్షలు ముందర పెట్టుకుని ఈ మాట వింటుంటే టెన్షన్‌గా ఉంది. ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం? తెలిసినవాళ్ళు చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు
మెంబరు చెప్పిందే నిజం. గవర్నమెంటు ఉద్యోగి సమ్మె చేయకూడదు. అంతే.

ఎస్జీటీ_పలమనేరు
అంతే అంటే ఎట్లా తమ్ముడూ. మరి 2013లో సీమాంధ్ర అంతా ఏం చేసింది? సమైక్యాంధ్ర కోసం ఎన్జీవోల (నాన్ గెజిటెడ్ ఉద్యోగుల) సమ్మె 66 రోజులు నడిచింది, టీచర్లమూ దిగాం. ఎంతమందికి ఉద్యోగాలు ఊడాయి?

కొర్లగుంట_కుర్రోడు
ఊడలేదు కాబట్టి హక్కు ఉన్నట్టా అన్నా? లీలామహల్ సర్కిల్లో హెల్మెట్ లేకుండా రోజూ తిరుగుతారు, పోలీసు పట్టుకోలేదని అది హక్కు అయిపోతుందా?

లాయర్_ఎంఆర్‌పల్లి
సర్వీసు కేసులు చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మూడు విషయాలు ఇక్కడ కలిసిపోతున్నాయి. సంఘం పెట్టుకోవడం, నిరసన తెలపడం, పని ఆపేయడం. మూడూ వేర్వేరు.

సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) అధికరణం కింద ప్రాథమిక హక్కు, టీచరుకూ ఉంది. అక్కడ ఆ సారు చెప్పింది కరెక్టే. నిరసన సంగతి 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో తేలింది. బీహార్ ప్రభుత్వం తన ఉద్యోగులు ఏ రకమైన ప్రదర్శనలోనూ, సమ్మెలోనూ పాల్గొనరాదని ఒకే రూల్లో రాసింది. ప్రదర్శనలన్నిటినీ గంపగుత్తగా నిషేధించడం చెల్లదని సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టేసింది. అదే తీర్పులో సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదంది. అంతకుముందు బ్యాంకు ఉద్యోగుల కేసులో కూడా, సంఘం పెట్టుకునే హక్కులో సమ్మె హక్కు కలిసి రాదనే చెప్పింది.

ఇక మన రాష్ట్రంలో 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. అందులో రూల్ 4, ఉద్యోగి ఏ సమ్మెలోనూ, అలాంటి పనుల్లోనూ పాల్గొనరాదని, ఇతరులను ప్రేరేపించరాదని అంటుంది. 'అలాంటి పనులు' అంటే ఏమిటో కూడా వివరంగా ఉంది. పైవాళ్ళ చేత ఏదో ఒకటి చేయించుకోవాలనే ఉద్దేశంతో పర్మిషన్ లేకుండా డ్యూటీకి రాకపోవడం, పని మానేయడం, నిరాహారదీక్ష, అన్నీ వస్తాయి. కాబట్టి నల్ల బ్యాడ్జీ పెట్టుకుని పాఠం చెప్పడం తప్పు కాదు. పాఠం మానేస్తే రూల్ 4 వస్తుంది.

గంగమ్మగుడి_వీధి
అంటే ఇద్దరూ సగం సగం కరెక్ట్. పాకాల అన్నా, మీ కమిటీ వాళ్ళను కూర్చోబెట్టి మళ్ళీ కాఫీ ఇప్పించండి.

కుప్పం_గణితం_సార్
లాయర్ సార్, అందరం కలిసి ఒకే రోజు సీఎల్ (క్యాజువల్ లీవ్) పెడితే? సీఎల్ మాకు ఏడాదికి 15 ఉన్నాయి, స్పెషల్ సీఎల్ ఇంకో ఏడు. మా సెలవు మేం వాడుకున్నట్టే కదా.

లాయర్_ఎంఆర్‌పల్లి
సీఎల్ ఖాతాలో ఉన్నంత మాత్రాన హక్కు కాదు సార్, ఇచ్చేవాళ్ళు మంజూరు చేయాలి. మంజూరు చేయకపోయినా మానేస్తే పర్మిషన్ లేని గైర్హాజరే. పైగా అందరూ ఒకే రోజు, ఒకే కారణం చూపించి పెడితే ఉద్దేశం కాగితం మీదే కనిపిస్తుంది. పేరు సామూహిక సెలవు అయినా, పెన్ డౌన్ అయినా కోర్టు ఉద్దేశమే చూస్తుంది.

యాదమరి_వెంకట్
2003లో తమిళనాడులో జరిగింది ఎవరూ రాయలేదే. మా పిన్ని కూతురు వేలూరు దగ్గర పంచాయతీ యూనియన్ స్కూల్లో టీచరు. పింఛను ప్రయోజనాలు తగ్గించారని జూలైలో సమ్మెకు పోయారు. జయలలిత ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల చట్టం) కింద లక్షన్నరకు పైగా మందిని ఒక్క దెబ్బతో తీసేసింది. విచారణ లేదు, నోటీసు లేదు. మా అక్కది ఆ లిస్టులో పేరు ఉందని పక్క బడి వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. రేషన్ కార్డు, పిల్లల ఫీజు, ఇంటి లోను, అన్నీ ఒక్క రాత్రిలో తలకిందులు. మా అమ్మ చిత్తూరు నుంచి బియ్యం మూట పంపింది. తర్వాత క్షమాపణ రాసిస్తే తీసుకున్నారు. ఆ కాగితం మీద సంతకం చేసిన సంగతి చెప్పేటప్పుడు అక్క గొంతు ఇప్పటికీ మారిపోతుంది. సమ్మె చేసినందుకు కాదు, తప్పు చేశానని రాయాల్సి వచ్చినందుకు.

లాయర్_ఎంఆర్‌పల్లి
మెంబరు చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు దాని నుంచి వచ్చిందే. టి.కె. రంగరాజన్ కేసు, 2003 ఆగస్టు 6. సమ్మె ఉద్యోగులకు ప్రాథమిక హక్కు కాదు, చట్టబద్ధమైన హక్కు కాదు, నైతికంగా కూడా హక్కు లేదు అని రాశారు. బేషరతు క్షమాపణ, ఇకముందు ప్రవర్తనా నియమాలు పాటిస్తామన్న హామీ తీసుకుని వెనక్కి తీసుకోవాలన్న షరతు కూడా ఆ తీర్పులోనే ఉంది. అరెస్టయినవాళ్ళ, కేసులున్నవాళ్ళ సంగతి విడిగా చూశారు.

రిటైర్డ్_హెచ్ఎం_పుత్తూరు
చట్టంలో హక్కు లేదని కోర్టు అంటే ఒప్పుకుంటాను. నైతికంగా లేదు అన్నమాట దగ్గరే నాకు అన్నం సహించదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఉన్నాను. మా తరానికి జీతం, పీఆర్సీ (వేతన సవరణ), పింఛను, మెటర్నిటీ సెలవు, ఏదీ ఊరికే రాలేదు. రోడ్డెక్కితేనే వచ్చాయి. రూల్ 4 ఉన్న కాలంలోనే వచ్చాయి. చేసినవాళ్ళందరూ నీతి లేనివాళ్ళంటే నేను ఒప్పుకోను.

వి.కోట_టమాటా
పెద్దాయనా, మీ మీద గౌరవం ఉంది గానీ ఒక మాట. మదనపల్లి మార్కెట్లో టమాటా బాక్సు కూలి ఖర్చుకు కూడా రాని రోజులు చూశాం. మేం ఎవరి మీద సమ్మె చేయాలి? మీకు ఆలస్యమైనా జీతం వస్తుంది. మా పిల్లోడు ఏకోపాధ్యాయ బడిలో చదువుతున్నాడు. ఆ ఒక్క సారు రాకపోతే బడికి తాళమే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా ఉండదు. మీరు గవర్నమెంటు మీద చేసే సమ్మె మా పిల్లోడి పళ్ళెం దగ్గర తగులుతుంది. కోర్టు నైతికం అన్నది దాని గురించే అనుకుంటా.

ఎస్జీటీ_పలమనేరు
వి.కోట అన్నా, ఆ ఒక్క సారు మాలాంటివాడే. నాదీ ఒకటి నుంచి ఐదు వరకు ఒకే గది. పొద్దున వెళ్ళగానే అటెండెన్సు యాప్‌లో మొహం చూపించాలి, తర్వాత బాత్రూముల ఫోటోలు, గుడ్ల లెక్క, అన్నం ఫోటో. కొండ పక్కన సిగ్నల్ రాదు, ఫోను పైకెత్తి గేటు బయట చింతచెట్టు కింద నిలబడతాను, లోపల పిల్లలు కేకలు. వీటి గురించి ఎన్ని వినతిపత్రాలు ఇచ్చామో. మీ పిల్లోడి పాఠం సమ్మె రోజు మాత్రమే పోతోందని అనుకోకండి.

వి.కోట_టమాటా
అది నాకు తెలియంది కాదు సార్. మా బడికి ఇంకో టీచరును వేయమని సమ్మె చేయండి, నేనే ట్రాక్టరులో జనాన్ని తెస్తాను. ఎప్పుడూ డీఏ, పీఆర్సీ అంటేనే గదా మాకు దూరం అనిపించేది.

గంగమ్మగుడి_వీధి
ఈ ఒక్క పోస్టు ప్రింటు తీసి అన్ని సంఘాల ఆఫీసుల్లో అంటించాలి.

ప్రైవేటు_మేడమ్
హక్కు ఉందా లేదా అని కొట్టుకుంటున్నారు, మా సంగతి ఎవరూ అడగరు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో చేస్తున్నాను. గవర్నమెంటు టీచరు జీతంలో నాలుగో వంతు కూడా లేదు. అడ్మిషన్లకు ఎండాకాలం ఇల్లిల్లూ తిరగాలి, మే నెల జీతం మాత్రం ఉండదు. మాకు సంఘమూ లేదు, సమ్మె అన్న మాట స్టాఫ్ రూములో అంటే సాయంత్రానికి బయటే. లాయర్ గారూ, మేం ప్రభుత్వ ఉద్యోగులం కాదు కదా, ఫ్యాక్టరీ వాళ్ళకు ఉన్న హక్కు మాకు ఉంటుందా?

లాయర్_ఎంఆర్‌పల్లి
మంచి ప్రశ్న మేడమ్. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 కార్మికుడికి షరతులతో సమ్మెను ఒప్పుకుంది, 2025 నవంబరులో దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. కానీ 1988లో గోవాలోని ఒక ప్రైవేటు బడి టీచరమ్మ కేసులో, ఎ. సుందరాంబాళ్ కేసు అంటారు, టీచరు ఆ పాత చట్టం కింద 'వర్క్‌మన్' (కార్మికుడు) కాదని సుప్రీంకోర్టు తేల్చింది. 1978 నాటి బెంగళూరు వాటర్ సప్లై తీర్పు ప్రకారం ఆ చట్టంలో విద్యాసంస్థ 'ఇండస్ట్రీ' కిందకే వచ్చేది, అందులో పనిచేసే టీచరు మాత్రం వర్క్‌మన్ కాదు. మీకు కలిసొచ్చింది ఒక్కటి, గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం. 2009 సవరణతో టీచర్లనూ కలిపారు, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. ఐదేళ్ళు నిండితే వదులుకోకండి.

ప్రైవేటు_మేడమ్
గ్రాట్యుటీ మాట ఇప్పుడే వింటున్నాను. మా స్టాఫ్ గ్రూపులో పెడతాను. థ్యాంక్స్ సార్.

కేజీబీవీ_సీఆర్టీ
మాదీ రాసుకోండి. కాంట్రాక్టు టీచర్లం, హాస్టల్లో పిల్లలతోనే ఉంటాం, రాత్రి జ్వరం వచ్చినా మేమే. ఏటా రెన్యువల్. రెగ్యులర్ వాళ్ళకు చార్జిమెమో అయినా ఇస్తారు, మాకు రెన్యువల్ ఆపితే చాలు. అయినా 2023 డిసెంబరులో సమగ్ర శిక్ష పథకం కింద పనిచేసేవాళ్ళం సమ్మెకు కూర్చున్నాం. అప్పుడే అంగన్‌వాడీ అక్కలూ కూర్చున్నారు, చిత్తూరు కలెక్టరేట్ ముందు వాళ్ళ టెంటు ఒక పక్క, మాది ఒక పక్క. వాళ్ళ మీద 2024 జనవరి 6న ఎస్మా పెట్టారు. అయినా లేవలేదు, మొత్తం 42 రోజులు. చివరికి పిలిచి మాట్లాడారు. ఎవరికి ఏ హక్కు ఉందో ఆ టెంట్లో ఎవరూ అడగలేదండీ.

కొర్లగుంట_కుర్రోడు
అక్కా, ఎస్మా పెట్టాక కూడా కూర్చోవడం తప్పు కాదా? చట్టం కదా అది.

కేజీబీవీ_సీఆర్టీ
చట్టమే తమ్ముడూ. తీసేస్తామని ఆర్డర్లు కూడా వచ్చాయి. భయం లేదని ఎవరన్నారు, పక్కన కూర్చున్న అక్క ఆర్డరు వచ్చిందని ఫోనులో చూసుకుని కొంగు మొహం మీద వేసుకుని ఏడ్చింది. ఏడ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. పదకొండున్నర వేల జీతానికి అంతకంటే దారి లేదు.

లాయర్_ఎంఆర్‌పల్లి
మన రాష్ట్రంలో ఎస్మా 1971 నాటి చట్టం. ఏ సేవను అత్యవసరం అనుకుంటే దానికి ఉత్తర్వు ఇస్తారు, అంగన్‌వాడీలకు ఆరు నెలలకు ఇచ్చారు. ఆ ఉత్తర్వు తర్వాత చేసే సమ్మె డిపార్ట్‌మెంటు విషయంగా ఆగదు, నేరమే అవుతుంది, కేసు పెట్టొచ్చు, అరెస్టు చేయొచ్చు. రూల్ 4 ఉల్లంఘనకు, ఎస్మా ఉల్లంఘనకు తేడా అక్కడే.

మోడరేటర్
ఏ పార్టీ ప్రభుత్వం ఏం చేసిందన్న తగవు మొదలైంది, ఆ నాలుగు పోస్టులు తీసేశాను. అన్ని ప్రభుత్వాల హయాంలోనూ ఈ గొడవ ఉంది. విషయం మీద రాయండి.

ఫిలడెల్ఫియా_చిత్తూరోడు
పుట్టింది కట్టమంచి, ఉండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. న్యూయార్క్‌లో 1967 నుంచి టేలర్ లా ఉంది, టీచరు ఒక రోజు సమ్మె చేస్తే రెండు రోజుల జీతం పోతుంది. వెస్ట్ వర్జీనియాలో చట్టం ఒప్పుకోకపోయినా 2018లో మొత్తం 55 కౌంటీల టీచర్లు బడులు మూసి, ఐదు శాతం పెంపు తెచ్చుకున్నారు. మా పెన్సిల్వేనియాలో మాత్రం సమ్మె చట్టబద్ధం, అయితే 1992 చట్టంలో ఒక కట్టుబాటు పెట్టారు. ఎన్ని రోజులు సమ్మె చేసినా జూన్ 30 లోపల పిల్లలకు 180 రోజుల చదువు పూర్తి కావాలి. ఆ లెక్క తప్పే పరిస్థితి వస్తే సమ్మె ఆపి బడికి పోవాల్సిందే. మా అబ్బాయి స్కూల్ డిస్ట్రిక్టులో ఒకసారి సమ్మె అయింది, వేసవి సెలవులు ఆలస్యంగా మొదలయ్యాయి, పాఠాలు మాత్రం పోలేదు.

పాకాల_నాన్న
ఇది బాగుంది. సమ్మె చేసుకోండి, కానీ నా బిడ్డ పాఠం లెక్క మీ నెత్తిన ఉంటుంది అంటే నేను ఎదురు చెప్పను.

కుప్పం_గణితం_సార్
మన దగ్గర కూడా విద్యాహక్కు చట్టంలో ఉంది. ఒకటి నుంచి ఐదుకు 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. 2013 సమ్మె అయ్యాక మా మండలంలో సెలవు రోజుల్లో బడి పెట్టి సిలబస్ లాగించాం. ఎవరూ చెప్పకముందే టెన్త్ వాళ్ళకు సాయంత్రం క్లాసులు కూడా. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

యాదమరి_వెంకట్
నేను గుర్తుపెట్టుకున్నాను సార్. ఆ రెండు నెలలు మా ఊళ్ళో బీఈడీ చేసి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు ఇద్దరు రామాలయం అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి చదివించారు. ఊరి జనం కూడా సమైక్యాంధ్ర ఉద్యమంలోనే ఉన్నారు కాబట్టి ఒక్కరూ టీచర్లను తప్పు పట్టలేదు. జనం వెంట ఉన్న సమ్మె వేరు, లేని సమ్మె వేరు.

రిటైర్డ్_హెచ్ఎం_పుత్తూరు
వెంకట్ చెప్పినదానికి 2022 కలుపుతాను. ఆ జనవరి 17న పీఆర్సీ జీవోలు వచ్చాయి. అప్పటిదాకా మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటుంటే ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పెంపు) 23 శాతం అన్నారు. ఇంటద్దె అలవెన్సు కోశారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటే దారిపొడవునా పోలీసులు ఆపినా మనుషులు చేరారు. బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. 7వ తేదీ నుంచి సమ్మె అని నోటీసు ఉంది. 5వ తేదీ రాత్రి చర్చలు అయ్యాయి, సమ్మె విరమించారు. టీచర్ల సంఘాలు మాత్రం మాకు అన్యాయం జరిగిందని ఒప్పందాన్ని తప్పుపట్టాయి. నేను చెప్పదలుచుకున్నది ఏమంటే, సమ్మె ఒక్క రోజు కూడా జరగలేదు. నోటీసు ఉంది కాబట్టే మంత్రుల కమిటీ అర్ధరాత్రి దాకా కూర్చుంది. హక్కు లేదని పూర్తిగా తీసేస్తే రేపు ఎందుకు కూర్చుంటారు?

కొర్లగుంట_కుర్రోడు
కోర్టుకు పోవచ్చు కదా సార్. సమ్మె ఒక్కటే దారా?

రిటైర్డ్_హెచ్ఎం_పుత్తూరు
పోవచ్చు నాయనా. కోర్టులో గెలిచేలోపు రిటైరయినవాళ్ళు ఎంతమందో.

లాయర్_ఎంఆర్‌పల్లి
కోర్టు దారి అస్సలు పనికిరాదని మాత్రం అనకండి హెచ్ఎం గారూ. 2020 మార్చి, ఏప్రిల్‌లో కరోనా పేరుతో మన రాష్ట్రం జీతాలు, పింఛన్లు కొంత ఆపింది. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, చేసిన పనికి జీతం ఉద్యోగికి న్యాయంగా రావాల్సిందేనని స్పష్టంగా చెప్పింది. బకాయిల విషయంలో ఆ తీర్పు బలమైనది. కొత్త పీఆర్సీ ఎంత ఇవ్వాలి, సీపీఎస్ (పాత పింఛను బదులు వచ్చిన పింఛను పథకం) తీసేయాలా వద్దా అన్నవి మాత్రం కోర్టు తేల్చేవి కావు, అవి మాట్లాడుకుని తేలాల్సినవి.

గూడ్స్‌షెడ్_రైల్వే
సెంట్రల్ గవర్నమెంటులో పనిచేస్తున్నాను, ఒక విషయం చెప్పాలి. మాకు 1966 నుంచి జేసీఎం అని ఉంది. ఉద్యోగుల వైపు, ప్రభుత్వం వైపు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు. జీతభత్యాలు, వారానికి పని గంటలు, సెలవులు, ఈ మూడిటి మీద ఒప్పందం కుదరకపోతే తప్పనిసరిగా మధ్యవర్తి బోర్డుకు పోవాలి. దాని తీర్పు రెండు వైపులా కట్టుబడాలి, పార్లమెంటు మాత్రమే మార్చగలదు. అన్నీ సాఫీగా జరుగుతాయని కాదు. కానీ సమ్మె వద్దు అన్నప్పుడు దాని బదులు ఏదో ఒకటి పెట్టారు. రాష్ట్రంలో టీచర్లకు అలాంటిది ఉందా?

ఎస్జీటీ_పలమనేరు
జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉంది అన్నా. మాట్లాడతారు, మినిట్స్ రాస్తారు. అమలు కాకపోతే ఎవరి దగ్గరికి పోవాలి? అదే లేదు.

రిటైర్డ్_హెచ్ఎం_పుత్తూరు
రైల్వే ఆయన అసలు చోట వేలు పెట్టాడు. సమ్మె హక్కు లేదనడం ఒక్కటే జరిగి, దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే ఒకవైపు చేతులు కట్టేసినట్టే. అమెరికాలో, సెంట్రల్లో ఏదో ఒక ఏర్పాటు ఉంది. 1966లో ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), యునెస్కో కలిసి టీచర్ల హోదా మీద ఒక సిఫారసు చేశాయి. అక్టోబర్ 5న ప్రపంచ ఉపాధ్యాయ దినం జరిపేది దాని గుర్తుగానే. అందులోనూ ఇదే వరస. వివాదాలు తేల్చడానికి ఉమ్మడి యంత్రాంగం పెట్టండి, అదీ విఫలమైతే మిగతా సంఘాలకు ఉన్న దారులు టీచర్ల సంఘాలకూ ఉండాలి అని. ముందు యంత్రాంగం, ఆ తర్వాతే సమ్మె మాట. మనం రెండోదాని మీద దెబ్బలాడుకుంటూ మొదటిదాన్ని అడగడం మానేశాం. సంఘాలు కూడా మానేశాయి, అది నా బాధ.

గంగమ్మగుడి_వీధి
జర్మనీలో కూడా టీచర్లు సమ్మె చేయకూడదంట కదా, ఎక్కడో చదివాను.

ఫిలడెల్ఫియా_చిత్తూరోడు
అందరూ కాదు. అక్కడ సివిల్ సర్వెంట్ హోదా ఉన్న టీచర్లకు నిషేధం. 2018లో వాళ్ళ రాజ్యాంగ కోర్టు, 2023 డిసెంబరులో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా దాన్ని సమర్థించాయి. దానికి బదులు వాళ్ళకు జీవితాంతం ఉద్యోగ భద్రత, హోదాకు తగ్గ జీతం కోసం కోర్టులో పోరాడే హక్కు, గట్టి పింఛను ఉన్నాయి. కాంట్రాక్టు మీద ఉన్న టీచర్లకు సమ్మె హక్కు ఉంది.

కేజీబీవీ_సీఆర్టీ
ఇక్కడ అటు భద్రతా లేదు, ఇటు హక్కూ లేదు. మాకు ఏదో ఒకటి ఇవ్వండి.

సీపీఎస్_2012
భద్రత మాట వచ్చింది కాబట్టి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళకు పాత పింఛను లేదు. ఏటా ఆ రోజు నిరసన చేస్తున్నాం, నల్ల చొక్కాలతో, బడి మానకుండా. పద్ధతిగా నిరసన చేసుకోండి అని చెప్పేవాళ్ళు దయచేసి ఒక్కటి చెప్పండి, పద్ధతిగా చేస్తే ఎవరు వింటున్నారు? 2023 జనవరిలో ఒక ఉద్యోగ సంఘం జీతాలు లేటని గవర్నరును కలిసి వినతిపత్రం ఇస్తే, సంఘం గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని షోకాజ్ ఇచ్చారు. సమ్మె కాదు, ధర్నా కాదు, కలవడానికే.

వి.కోట_టమాటా
అది మాత్రం అన్యాయం. కలిసి చెప్పుకోనివ్వకపోతే ఎట్లా.

కొర్లగుంట_కుర్రోడు
నేనూ ఒప్పుకుంటా. అర్జీ ఇస్తే నోటీసు ఏంది. ఎవరైనా ఎవరికైనా చెప్పుకోవచ్చు. నా మాట పాఠం ఆపొద్దు అన్నంతవరకే.

కుప్పం_గణితం_సార్
టీచర్ ఎమ్మెల్సీలు ఉన్నారు కదా, మండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్లే ఎన్నుకుంటారు. మనకు తూర్పు రాయలసీమ నియోజకవర్గం. యంత్రాంగం కావాలన్న హెచ్ఎం సార్ మాట అక్కడ బిల్లుగా పెట్టమని అడగాలి. నోటీసు ఎన్ని రోజులు, మధ్యవర్తి ఎవరు, పోయిన పాఠాలు ఎప్పుడు చెప్పాలి, అన్నీ అందులోనే రాయించాలి. ఓట్లప్పుడు వచ్చి సన్మానాలు చేయించుకునేటప్పుడు ఇది అడిగినవాళ్ళను నేను చూడలేదు.

రిటైర్డ్_హెచ్ఎం_పుత్తూరు
డ్రాఫ్ట్ నేను రాస్తాను. లాయర్ గారు దిద్దితే ఇక్కడే పెడదాం. నిరసన, నోటీసు, చర్చలు, మధ్యవర్తిత్వం, అప్పటికీ తేలకపోతేనే సమ్మె. పబ్లిక్ పరీక్షల నెలల్లో సమ్మె లేదు. ఏకోపాధ్యాయ బడికి ప్రత్యామ్నాయం చూపకుండా సమ్మె లేదు. మధ్యాహ్న భోజనం ఏ పరిస్థితిలోనూ ఆగకూడదు. వి.కోట ఆయన చెప్పిన తర్వాత ఆ చివరి మాట మొదటే రాస్తాను.

లాయర్_ఎంఆర్‌పల్లి
పంపండి సార్. ఒక్క జాగ్రత్త, కాంట్రాక్టు వాళ్ళను, ప్రైవేటు వాళ్ళను విడిగా ఒక భాగంలో పెట్టండి. వాళ్ళకు వర్తించే చట్టాలు వేరు.

చంద్రగిరి_కొత్త_టీచరు
ఆలస్యంగా చూశాను. ప్రొబేషన్‌లో ఉన్నాను. సంఘం పిలుపు ఇస్తే పోవాలా వద్దా అర్థం కావడం లేదు. ఒక్క రోజు సమ్మెకు పోతే ఆ జీతం ఒక్కటే పోతుందా, సర్వీసే పోతుందా? ఒక్కొక్కరు ఒక్కో రకంగా భయపెడుతున్నారు.

లాయర్_ఎంఆర్‌పల్లి
పని చేయని రోజుకు జీతం ఉండదు, అది 1990 నాటి కేలావాలా కేసు నుంచి స్థిరపడింది. ఆ కేసులో నాలుగు గంటల సమ్మెకు రోజంతా జీతం కోసినా చెల్లుతుందన్నారు. ఇక ఆ రోజును ఎలా చూస్తారన్నది ఉత్తర్వును బట్టి ఉంటుంది. డైస్ నాన్ అంటే ఆ రోజు సర్వీసులో లెక్కకు రాదు, అంతకుముందు చేసిన సర్వీసు పోదు. బ్రేక్ ఇన్ సర్వీస్ అని రాస్తే పాత సర్వీసుకే దెబ్బ, పింఛను, సీనియారిటీ అన్నీ కదులుతాయి, అది మాత్రం ఉద్యోగి వాదన వినకుండా వేయకూడదు. రెగ్యులర్ ఉద్యోగిని తీసేయాలంటే 1991 సీసీఏ రూల్స్ ప్రకారం చార్జిమెమో, విచారణ ఉండాలి. విచారణ లేకుండా తీసేయడానికి రాజ్యాంగం 311 అధికరణంలో ఉన్న మినహాయింపు వాడితే తప్ప. ప్రొబేషన్‌లో మీకు అంత రక్షణ లేదమ్మా, సంతృప్తికరంగా లేదని ఒక్క ముక్క రాస్తే కొట్లాడటం కష్టం. భోజన విరామంలో చేసే నిరసనకు పోండి, బ్యాడ్జీ పెట్టుకోండి. పని మానే పిలుపు వస్తే మీ సంఘంవాళ్ళను ముందే అడగండి, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళను పక్కన పెట్టారా లేదా అని. చాలా సంఘాలు పెడతాయి.

చంద్రగిరి_కొత్త_టీచరు
రేపే అడుగుతాను సార్. నా బ్యాచ్ వాళ్ళు ఇంకా ముగ్గురు ఉన్నారు, వాళ్ళకూ చూపిస్తాను.